మీటర్ కాంటా కూడా తరాజే



ఉర్దూలో కాంటా అంటే ముల్లు. గడియారంలో తిరిగేదీ కాంటాయే, తరాజు మధ్యలో నిలబడేదీ కాంటాయే. తెలుగువాళ్లు ఆ మాటనే తీసుకుని బస్తాలు తూచే యంత్రానికి కాటా అని పేరు పెట్టుకున్నారు. కారులో వేగం చూపించే ముల్లును కూడా మా ఇంట్లో కాంటా అనే అంటాం.

ఈ మూడింటిలో రెండింటి విషయంలో మనం చాలా గట్టివాళ్లం. గోష్ట్ కొట్టులో కాటా ఒక గీత తేడా వస్తే కసాయి భాయ్‌ని నిలదీస్తాం. మసీదు గడియారం రెండు నిమిషాలు వెనకబడితే జమాత్ అయ్యాక ముతవల్లీ సాబ్ చుట్టూ నలుగురు చేరతారు. మూడో కాంటా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘అరే, చల్తా హై భాయ్’ అనేస్తాం. ఆ చల్తా హై గురించే ఈరోజు నాలుగు మాటలు.

విజయనగరంలో మా మామూకి ఒక అంబాసిడర్ ఉండేది. 1986 మోడల్, మార్క్ 4. డెబ్బై దాటాక ఆయనకు కళ్లు సరిగా ఆనడం లేదు, కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు, బండి షెడ్డులో పడి ఉంది. ఇంటి స్లాబు వానాకాలమల్లా కారుతోంది. పెళ్లి ఊరేగింపులకు, షూటింగులకు పాత కార్లు అద్దెకిచ్చే ఒకాయన విశాఖ నుంచి అడిగిస్తే, అమ్మేసి ఆ పైకంతో స్లాబు వేయించుకుందామని మామూ ఇరాదా. ‘అమ్మే ముందు ఒకసారి చూసిపెట్టు బేటా, కాంటా ఎక్కువ చూపిస్తున్నట్టుంది’ అని నన్ను పిలిచారు.

అంబాసిడర్ గురించి మన ఇళ్లలో పెద్దగా చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాతో, కలకత్తా పక్కన ఉత్తరపారాలో, 1950ల చివర నుంచి 2014 దాకా తయారైన బండి. మన జిల్లాల్లో అద్దె కారు అంటే చాలాకాలం అదే. సాలూరు ఘాటీ ఎక్కి ఒడిశా వైపు వెళ్లాలన్నా, పెళ్లికూతురును ఇచ్ఛాపురం నుంచి తీసుకురావాలన్నా అదే సవారీ. ఒక్కో బండి ఎన్ని ఇంజన్లు, ఎన్ని చేతులు మారిందో లెక్కలేదు. మామూ బండి కూడా తొంభైలలో పెట్రోల్ ఖర్చు భరించలేక డీజిల్ ఇంజన్‌లోకి మారింది. ఆర్సీలో రాయించే చేశారు. ఇంజన్‌తో పాటు గేర్‌బాక్స్ కూడా మారింది. అసలు కథ అక్కడే ఉంది.

ముందుగా కాంటా నిజం చెబుతోందా, అబద్ధం చెబుతోందా అని ఎలా తేల్చుకోవాలో చెబుతాను. పాత బండి ఉన్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది.

నాతవలస దగ్గర హైవే ఎక్కి రణస్థలం వైపు వెళ్లాం. నేను బండి నడుపుతూ కాంటాను 72 దగ్గర నిలిపి ఉంచాను. పక్కన కూర్చున్న మా అబ్బాయి కిలోమీటరు రాయి నుంచి రాయికి సెకన్లు లెక్కపెట్టాడు. సరిగ్గా 60 సెకన్లు. 3600ని ఆ సెకన్లతో భాగిస్తే అసలు వేగం వస్తుంది. అంటే బండి వెళ్లేది 60 కిలోమీటర్ల వేగంతో, కాంటా చెప్పేది 72. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి చూసినా అదే లెక్క.

కానీ ఒక్క గవాహీ మీద ఫైసలా చేయకూడదు కదా. మీటర్‌లో రెండో గవా ఉంది, కిలోమీటర్లు లెక్కపెట్టే అంకెల చక్రాలు. ఐదు రాళ్లు దాటే సరికి ఆ చక్రాలు ఆరు కిలోమీటర్లు తిరిగాయి. ఐదుకు ఆరు, అరవైకి డెబ్బై రెండు, రెండూ ఒకే నిష్పత్తి. ఈ పోలిక చాలా ముఖ్యం, ఎందుకో చూడండి.

పాత స్పీడోమీటర్ పనిచేసే తీరు సులువైనదే. 1902లో బెర్లిన్‌లో ఒట్టో షుల్జే అనే ఆయన పేటెంట్ తీసుకున్న పద్ధతి. గేర్‌బాక్స్ వెనక చివర ఒక చిన్న పళ్ల చక్రం ఉంటుంది. దాని నుంచి ఒక తీగ, అదే మనం కేబుల్ అనేది, తిరుగుతూ డాష్‌బోర్డు దాకా వస్తుంది. అక్కడ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతం చుట్టూ అల్యూమినియం గిన్నె ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి తాకవు. అయినా తిరిగే అయస్కాంతం గిన్నెలో విద్యుత్తు సుడులు పుట్టించి దాన్ని తనతో లాగుతుంది. సన్నటి స్ప్రింగ్ ఒకటి వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుళ్లూ సమానమైన చోట కాంటా నిలుస్తుంది. నిజానికి అది తరాజే, గుండ్రంగా ఉంది అంతే. అయస్కాంతం బలం తగ్గితే కాంటా తక్కువ చూపిస్తుంది, స్ప్రింగ్ నీరసిస్తే ఎక్కువ చూపిస్తుంది. కేబుల్‌లో గ్రీజు ఎండిపోతే, ఎక్కడైనా మడత పడితే, కాంటా వణుకుతుంది.

కిలోమీటర్ల అంకెలకు మాత్రం అయస్కాంతంతో, స్ప్రింగ్‌తో పనిలేదు. వాటిని కేబుల్ పళ్ల చక్రాలతో నేరుగా తిప్పుతుంది. కాబట్టి అంకెలు సరిగ్గా ఉండి కాంటా ఒక్కటే తప్పు చెబితే రోగం మీటర్ లోపల ఉన్నట్టు. రెండూ ఒకే నిష్పత్తిలో తప్పితే మీటర్ బేకసూర్. దానికి అందుతున్న ఖబరే తప్పు. టైర్ల సైజు మారి ఉండాలి, లేదా గేర్‌బాక్స్, వెనక ఇరుసు పళ్లు మారి ఉండాలి.

మామూ బండిలో అదే జరిగింది. చాలా పాత మీటర్ల ముఖం మీద చిన్న అక్షరాల్లో ఒక సంఖ్య ఉంటుంది. కిలోమీటరుకో, మైలుకో కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క అది. ఈ మీటర్ మీద కిలోమీటరుకు 600 అని ఉంది. కేబుల్‌ను మీటర్ వైపు విప్పి, చివరకు కాగితం జెండా అంటించి, బండిని తిన్నగా యాభై మీటర్లు తోశాం. ముప్పై చుట్లు తిరగాల్సింది ముప్పై ఆరు తిరిగింది. అంటే కిలోమీటరుకు 720. గేర్‌బాక్స్ మార్చినప్పుడు ఈ లెక్క ఎవరూ చూసుకోలేదు. పాతికేళ్లకు పైగా మామూ అరవైలో వెళ్తూ డెబ్బై రెండు అనుకుంటున్నారు.

ఇక మిస్త్రీ దగ్గరికి వెళ్లాం. మంచి పనివాడు, ఒక ముస్లిం ఉస్తాద్ దగ్గర పదేళ్లు షాగిర్ద్‌గా ఉన్నవాడు. బండి చూసి, ‘ఏటి బాబూ, దీనికి ఇంత హైరానా ఎందుకు? కాంటా పీకి పన్నెండు గీతలు వెనక్కి పెట్టేత్తే సరిపోద్ది’ అన్నాడు.

సరిపోదు. తప్పు నిష్పత్తిలో ఉంది, సవరణ నికరంగా ఉంది. అరవై దగ్గర మాత్రం లెక్క కుదురుతుంది. బండి ముప్పైలో వెళ్తే పాత కాంటా 36 చూపించేది. పన్నెండు తీసేస్తే 24 చూపిస్తుంది. ముప్పై వేగం ఎక్కడ వెళ్తాం? గంటస్తంభం దగ్గర జనంలో, బడి ముందర, ఈద్ రోజు ఈద్గా దారిలో. సరిగ్గా అక్కడ కాంటా తక్కువ చెబుతుంది. బ్రేకు వేశాక బండి ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 24 అనుకుని 30లో వెళ్తే ఆ దూరం ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. అంబాసిడర్ డ్రమ్ బ్రేకుల సంగతి నడిపినవాళ్లకు తెలుసు. పిల్లవాడు బంతి కోసం రోడ్డు మీదికి వస్తే ఆ అదనపు దూరం ఏమవుతుందో రాయడానికి నాకు చేయి రాదు.

‘ఎక్కువ చూపిస్తే నష్టం ఏముంది, జాగ్రత్తగానే వెళ్తాం కదా’ అని మా అబ్బాయి అడిగాడు. సవాల్ సరైనదే. కొత్త కార్ల మీటర్లు కూడా కాస్త ఎక్కువే చూపిస్తాయి. ఐక్యరాజ్యసమితి 39వ నంబర్ రెగ్యులేషన్ ప్రకారం మీటర్ అసలు వేగం కంటే తక్కువ ఎన్నడూ చూపించకూడదు. ఎక్కువ చూపించడానికి మాత్రం హద్దు ఉంది. అసలు వేగంలో పదోవంతు, దాని మీద నాలుగు కిలోమీటర్లు. అరవైకి డెబ్బై దాకా. మామూ కాంటా ఆ హద్దు కూడా దాటింది. ఈ కాయిదా చదివినప్పుడు నాకు వెంటనే ఒక హదీస్ యాద్ వచ్చింది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో తూచేవాడితో తరాజు కొంచెం మొగ్గేలా తూచమన్నారు. మనం తప్పితే అవతలివాడికి మేలు జరిగే వైపు తప్పాలి. రోడ్డు మీద అవతలివాడు నడిచివెళ్లే మనిషి. కాంటా ఎక్కువ చెబితే అతనికి భద్రం, తక్కువ చెబితే అతని హక్కులో కోత.

అయినా ఎక్కువ చూపించే కాంటాకూ ఒక ఫితూర్ ఉంది. మనిషి దానికి అలవాటు పడతాడు. ‘మన బండి పన్నెండు ఎక్కువ చూపిస్తుందిలే’ అని మనసులో తీసివేసుకుంటూ నడుపుతాడు. ఆ ఆదత్‌తో అల్లుడి కొత్త కారు ఎక్కుతాడు. అందులో కాంటా 92 చూపిస్తే ఎనభైయే కదా అనుకుంటాడు. హైవే మీద కెమెరా పట్టుకుంటే 2019 సవరణ తర్వాత కారుకు జుర్మానా వెయ్యి నుంచి రెండు వేలు. అది చిన్న శిక్ష. పెద్దది కెమెరా లేనిచోట పడుతుంది.

చివరికి మిస్త్రీ ఒప్పుకుని సరైన పని చేశాడు. కేబుల్ తిరగడం ఆరోవంతు తగ్గేలా గేర్‌బాక్స్ వైపు పళ్ల చక్రాల జత వెతికి తెచ్చాడు. కలకత్తా మల్లిక్ బజార్ సరుకు, విశాఖ మీదుగా వచ్చింది. పన్నెండు రోజులు పట్టింది. కేబుల్ కడిగి సన్నటి గ్రీజు పట్టించాడు. మళ్లీ యాభై మీటర్లు తోస్తే ముప్పై చుట్లు. మాషా అల్లాహ్, హైవే మీద 60 అంటే 60.

ఈ కథ ఇక్కడితో అయిపోతే నేను రాసేవాణ్ని కాదు.

మీటర్ బిగించే ముందు మిస్త్రీ నెమ్మదిగా, ‘ఎలాగూ ఇప్పేను కదా బాబూ, అంకెలు కూడా కిందికి దించీమంటారా? ఇరవై ఆరు వేలు పెట్టేత్తాను. బేరం బాగా వత్తాది’ అన్నాడు. అప్పటికి మీటర్‌లో ఉన్నది 58,214.

నేను వద్దన్నాను. అతను ఆశ్చర్యపోయాడు. అతని దలీల్ వినండి, కొట్టిపారేయడానికి లేదు. ‘గేర్‌బాక్స్ మారిన కాడినుంచి ఐదుకు ఆరు తిరిగింది కదా. ఎక్కువ తిరిగిన అంకె తగ్గిత్తే అది న్యాయమే గానీ మోసం ఏటి?’

నేను తడబడ్డాను. లెక్క ప్రకారం అతను చెప్పింది కొంత నిజం. గేర్‌బాక్స్ మారినప్పుడు అంకె ఎంత ఉందో రాసి ఉంటే, తర్వాత తిరిగినదానిలో ఆరోవంతు తీసివేయొచ్చు. ఎవరూ రాయలేదు. రాయనిదాన్ని మన నఫ్స్ ఎప్పుడూ మనకు లాభం వచ్చే వైపే లెక్కవేస్తుంది. 58 వేల నుంచి ఆరోవంతు పోతే 48 వేలు రావాలి గానీ 26 వేలు ఎక్కడి నుంచి వచ్చింది? న్యాయం పేరు చెప్పి తలుపు తీస్తే లోపలికి లాలచ్ వచ్చి కూర్చుంటుంది.

అంతకంటే పెద్ద సంగతి మామూ చెప్పారు. వాకిట్లో కుర్చీలో కూర్చుని అంతా విన్నారు. ‘బేటా, ఆ మీటర్‌లో ఐదు అంకెలే ఉన్నాయి. లక్ష నిండిన రోజు అన్నీ సున్నాలు పడితే మీ ముమానీ సేమియా వండింది. నీకు యాద్ లేదా?’ అన్నారు.

అంటే 58,214 అనేది నిజానికి 1,58,214. ఎవరూ మీటర్ ముట్టుకోలేదు, ఎవరూ అబద్ధం ఆడలేదు. కొనేవాడు వచ్చి అంకె చూసి, ‘అబ్బో, యాభై ఎనిమిది వేలేనా’ అంటాడు. మనం చిరునవ్వు నవ్వి ఊరుకుంటే చాలు. ఆ ఖామోషీలోనే ధోకా పూర్తయిపోతుంది. నేను మిస్త్రీ చేతిని ఆపి ఈమాన్‌దార్‌నని సంబరపడుతున్నాను గానీ, ఈ రెండో మోసం నా కళ్ల ముందే ఉంది. నేను చూడలేదు.

బజారులో ధాన్యం కుప్ప సంగతి మనకు తెలిసిందే. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం కుప్పలోకి చేయి పెడితే లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పాడు. తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసం చేసేవాడు మనవాడు కాదన్నారు. ఆ వ్యాపారి పైన ఎండు గింజలే ఉన్నాయని అబద్ధమేమీ చెప్పలేదు. ఊరుకున్నాడు, అంతే. మన ఐదు అంకెల మీటర్ సరిగ్గా ఆ కుప్ప.

ఖురాన్‌లో తూకంలో తగ్గించేవాళ్ల పేరుతో ఒక సూరా ఉంది, ముతఫ్ఫిఫీన్. తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్లకు అందులో హెచ్చరిక ఉంది. మద్యన్ కౌమ్‌కు హజ్రత్ షుఐబ్ అలైహిస్సలామ్ తౌహీద్‌తో పాటు చెప్పిన మాట నాప్‌తోల్ గురించే. ఈ ఆయత్‌లు జుమా ఖుత్బాలో విన్నప్పుడు మన కళ్ల ముందు కిరాణా కొట్టు మెదులుతుంది. మన స్కూటర్, మన కారు, మన అద్దె ఆటో మీటర్ మెదలవు. ఎందుకని? సెకండ్‌హ్యాండ్ బండి కొనేటప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత తిరిగింది’ అనే కదా. అమ్మేటప్పుడు అదే ప్రశ్నకు జవాబు తగ్గించి చెబితే, అది ముతఫ్ఫిఫీన్ పని కాక మరేమిటి?

మా శ్రీకాకుళం పాత పేరు చికాకోల్. సిక్కాల మూటలు విప్పి లెక్కపెట్టే చోటు కాబట్టి సిక్కా ఖోల్ అని, అదే చికాకోల్ అయిందని ఇక్కడి పెద్దలు చెబుతారు. అది ఎంత నిజమో చరిత్రకారులు చూసుకుంటారు గానీ, నాకు ఆ కథ ఇష్టం. గోల్కొండ ఫౌజ్‌దార్ షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు నీడలో పెరిగిన మనకు, మూట విప్పి నలుగురి ముందు లెక్కచెప్పడం కొత్త విషయం కాకూడదు.

‘అందరూ చేస్తున్నారు’ అంటారు. చేస్తున్నారు, నిజమే. ఈ రోజుల్లో డిజిటల్ మీటర్ అంకెలు కూడా లాప్‌టాప్ తగిలించి మారుస్తున్నారు. చట్టం దీన్ని ఎలా చూస్తుందో కూడా తెలుసుకోండి. అబద్ధం నమ్మించి డబ్బు తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం. ‘పాత బండి షోకు కోసం కొంటారు, కిలోమీటర్లు ఎవడికి కావాలి’ అని కూడా అంటారు. కొన్నవాడు కూడా దాన్ని రోడ్డు మీదే నడుపుతాడు భాయ్. అంకె చూసి బ్రేకు లైనింగ్, స్టీరింగ్ కీళ్లు ఇంకా బాగానే ఉంటాయిలే అనుకుంటాడు. పెళ్లికొడుకును ఎక్కించుకుని వెళ్తాడు. మనం తగ్గించింది అంకెలు కాదు, అతని జాగ్రత్త.

కాబట్టి నా సలహా ఇంతే. కాంటా తప్పు ఉంటే బాగుచేయించండి, దాన్ని పీకి జరిపే పని మాత్రం ఒప్పుకోకండి. అంకెలు ముట్టుకోకండి. మీటర్ మొత్తం మార్చాల్సి వస్తే, తేదీ, పాత అంకె, కొత్త మీటర్ అంకె, కారణం ఒక కాగితం మీద రాసి మిస్త్రీ సంతకం తీసుకుని ఆర్సీతో కలిపి పెట్టండి. అప్పుల లావాదేవీ రాసుకోమని, గవాలను పెట్టుకోమని సూరా బఖరాలో అంత వివరంగా చెప్పింది ఊరికే కాదు, మనిషి మరచిపోతాడు, లాభం ఉంటే ఇంకా తొందరగా మరచిపోతాడు. కొనేవాళ్లయితే అంకె ఒక్కటే చూడకండి. సర్వీసు బిల్లులు, పాత ఇన్సూరెన్స్ కాగితాలు అడగండి. క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా అయిపోయిన బండి ఇరవై వేలే తిరిగిందంటే నమ్మకండి. ‘వింటేజ్’ అనే మాటకూ మోసపోకండి. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికే ఆ రిజిస్ట్రేషన్, నంబర్‌లో వీఏ అక్షరాలు ఉంటాయి. 1986 అంబాసిడర్ పాత బండి, అంతే.

మామూ నాచేత తెలుగులో ఒక కాగితం రాయించారు. మీటర్‌లో అంకె 58,214, ఒకసారి లక్ష దాటింది, డీజిల్ గేర్‌బాక్స్ వేసిన దగ్గర్నుంచి మొన్నటి వరకు ఐదుకు ఆరు చొప్పున తిరిగింది, ఇప్పుడు సరిచేశాం. కింద ఉర్దూలో దస్తఖత్ చేశారు.

విశాఖ ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివాడు. అనుకున్న ధరలో పదిహేను వేలు తగ్గించాడు. మామూ ఒక్క నిమిషం ఊరుకుని ఒప్పుకున్నారు. ముందు గది స్లాబు అయింది. వెనక గది వచ్చే ఏడాది ఇన్షా అల్లాహ్. మొన్న వానకు వెనక గదిలో గిన్నెలు పెట్టుకుంటూ ముమానీ నాకు ఫోన్ చేసి, ‘మీ మామూ భాంజా కలిసి నా నెత్తిన పదిహేను వేల నీళ్లు పోశారు’ అని తిట్టింది. తిడుతూనే నవ్వింది.

అల్లాహ్ మన కమాయిలో బర్కత్ ఇవ్వాలి, మన కాంటాలన్నిటినీ సీదా ఉంచాలి. ఆమీన్.